వేయి చేతుల పని

 

జీవితమంతయు బాలురకు వ్యాకరణమును, కావ్యములను చెప్పి విశ్రమించిన యుపాధ్యాయుడు సాఫ్ట్‌వేరును గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందరికి తోచవచ్చును. యంత్రముల లోగుట్టు చెప్పుటకు నేను పూనుకొనలేదు. ఆ పని చేయు మనుష్యులను గూర్చియు, వారు పరస్పరము పని పంచుకొను విధమును గూర్చియు చెప్పెదను. ఇది మన యింటి విషయమే. హైదరాబాదుననో, బెంగుళూరుననో, అమెరికాలోనో ఈ వృత్తిలోనున్న కొడుకో కూతురో లేని వీధి నేడు మన గ్రామములలో అరుదు. వారు పండుగకు వచ్చినను రాత్రి పొద్దుపోవువరకు ఫోనులో ఎవరితోనో మాటలాడుచుందురు. “పగలును మీటింగులే, రాత్రియు మీటింగులే, ఇక పని చేయునది యెప్పుడురా?” అని తండ్రులు మందలింతురు. ఆ మాటలాడుట ఆ పనిలో కష్టమైన భాగమనియు, అది చెడినచో కలుగు నష్టము చిన్నది కాదనియు చూపుట నా యుద్దేశము. ఈ వృత్తిలోనే యున్న నా పూర్వశిష్యు డొకడు గ్రంథములను చదివి నాకు బోధపరచినాడు. గురుశిష్య సంబంధము తారుమారైనందులకు నాకు సంతోషమే కలిగినది.

సాఫ్ట్‌వేరనగా కంప్యూటరునకు వ్రాసియిచ్చిన యాజ్ఞల వరుస. అది వ్రాతయే. మనము గ్రంథము వ్రాయునట్లే దానిని పంక్తి వెంట పంక్తిగా వ్రాయుదురు. బ్యాంకులో మీ పద్దును చూపునదియు, రైలుటిక్కెట్టు నిచ్చునదియు, మీ చేతిలోని ఫోనును పలికించునదియు ఈ వ్రాతయే. పెద్దవానిలో లక్షలకొలది, కొన్నిట కోట్లకొలది పంక్తు లుండును. ఇంతటి గ్రంథము నొక్కడు వ్రాయజాలడు. వందలమంది, వేలమంది కూడి వ్రాయవలయును. వడ్రంగి చేసిన తలుపు మేస్త్రి నిలిపిన ద్వారబంధమున పట్టకపోయినచో ఆ క్షణముననే కంటికి కనబడును. ఈ వ్రాతలో నొకరి భాగము మరియొకరి భాగముతో పొసగనిచో చూపునకు తెలియదు. నడిపినపుడే తెలియును. ఒక్కొక్కప్పుడు నడిపిన చాలకాలమునకు గాని తెలియదు.

ఇక పనులు ఎన్ని విధములో చూతము. పదిమంది కూలీలు రెండు దినములు వేయు వరినాట్లను ఇరువదిమంది యొక దినమున ముగింతురు. ఎవరి వరుస వారిది. పక్కవారి నడిగి తెలిసికొనవలసినది ఏమియు లేదు. బిడ్డను మోయుట మరియొక విధము. అందులకు నవమాసములు పట్టును. చుట్టాలందరు వచ్చి యింట కూర్చున్నను ఒక్క దినమైన తగ్గదు. మూడవ విధమైన పని కలదు. దానిని పంచుకొనవచ్చును గాని, పంచుకొన్న ప్రతివాడును తక్కినవారి భాగమును తెలిసికొనుచు పోవలయును. సాఫ్ట్‌వేరు ఈ మూడవ కోవలోనిది.

ఇందు దాగిన లెక్క నొకసారి వేయుడు. ఇద్దరున్నచో వారి మధ్య మాటకు త్రోవ యొక్కటియే. నలుగురున్నచో త్రోవలు 6. పదిమందికి 45. నూరుగురికి 4,950. మనుష్యులు పదిరెట్లు పెరిగినంతనే త్రోవలు నూటపదిరెట్లు పెరిగినవి. చేతులు కూడికతో పెరుగును, సంప్రదింపులు హెచ్చవేతతో పెరుగును. ఈ భేదము నెరుగనివాడు పెద్దపనికి పెత్తనము వహింపరాదు.

ఈ సత్యము అమెరికాలో 1960 తరువాతి యేండ్లలో గొప్ప వెలకు కొనబడినది. ఐ.బి.ఎం. అను సంస్థ 1964 ఏప్రిల్‌లో సిస్టం 360 అను కంప్యూటర్ల కుటుంబమును ప్రకటించెను. వానిని నడుపుటకై ఓ.ఎస్. 360 అను మూలప్రోగ్రామును తలపెట్టిరి. ఆ నిర్మాణమునకు పెద్ద ఫ్రెడరిక్ బ్రూక్స్. పని ముమ్మరముగా నున్న దినములలో వేయిమందికి పైగా అందు శ్రమించిరి. 1963 మొదలు 1966 వరకు దానికి సుమారు 5,000 మనుష్యసంవత్సరముల పని పట్టియుండునని ఆయనయే అంచనా వేసెను. అనగా ఒక్క మనుష్యుడు చేసినచో అయిదువేల యేండ్లు పట్టునని. అయినను అది గడువునకు రాలేదు, అనుకొన్న వ్యయమునకు లోబడలేదు.

ఆ కథలో నొక ఘట్టము మన పెద్దలు వినదగినది. ప్రోగ్రాము వ్రాయుటకు ముందు అది యేమి చేయవలెనో, ఎట్లుండవలెనో నిర్ణయపత్రము వ్రాసికొనవలయును. రూపకల్పన చేయు శాఖలో సమర్థులు 10 మంది యుండిరి. వారి పెద్ద, “మేము పది నెలలలో దీనిని చక్కగా వ్రాసియిత్తుము; గడువునకు మూడునెలలు ఎక్కువగును” అనెను. నిర్మాణశాఖలో 150 మంది యుండిరి. వారి పెద్ద, “మేము గడువులోపలనే వ్రాయుదుము, ఆ పదిమందికే ఇచ్చినచో నా నూటయేబదిమందియు పది నెలలు చేతులు ముడుచుకొని కూర్చుండవలసివచ్చును” అనెను. రూపశాఖ పెద్ద ఊరుకొనక, “వారికిచ్చినను మూడునెలలు ఆలస్యమే యగును, పైగా పని నాసిగా నుండును” అని హెచ్చరించెను. ఇంతమంది కూలి వ్యర్థమగునే యని తలచి బ్రూక్స్ 150 మందికే అప్పగించెను. రూపశాఖవాడు చెప్పినట్లే మూడునెలలు ఆలస్యమైనది, పనియు నాసి యైనది. ఏకత్వము లోపించినందున తరువాత తప్పులు దిద్దుటకు మరియొక సంవత్సరము పట్టియుండునని ఆయన తన 1975 నాటి ‘ది మిథికల్ మ్యాన్ మంత్’ అను గ్రంథమున వ్రాసెను.

ఆ నూటయేబదిమంది అసమర్థులు కారు. పదిమంది నడుమ మాటకు త్రోవలు 45. నూటయేబదిమంది నడుమ 11,175. ఎవరి భాగమును వారు తమ బుద్ధి కొలది తీర్చిరి. భాగములు పుట్టినవి గాని గ్రంథము పుట్టలేదు.

పలువురు వ్రాసినచో ఏకత్వము రానేరదా? వచ్చును. మన భారతమును తలచుకొనుడు. నన్నయ 11వ శతాబ్దమున ఆది, సభాపర్వములను, అరణ్యపర్వమున కొంతభాగమును రచించెను. 13వ శతాబ్దమున తిక్కన విరాటపర్వము మొదలు తుదివరకు 15 పర్వములను రచించెను. నడుమ నిలిచిపోయిన అరణ్యపర్వశేషమును 14వ శతాబ్దమున ఎఱ్ఱన పూరించెను. ముగ్గురును ఒకరినొకరు చూచినవారు కారు. అయినను గ్రంథ మొక్కటిగనే నిలిచినది. ఏలన, పర్వములను హద్దులు ముందే యేర్పడియున్నవి. వ్యాసుని మూల మొక్కటియే ముగ్గురి యెదుటను ఉన్నది. మధ్య దొరకొనిన యెఱ్ఱన తన పేరు పైకి తెచ్చుకొనక, ఆ శేషమును రాజరాజనరేంద్రునికే యంకితముగా నడిపెను. హద్దు, మూలము, వినయము అను మూడును ఉన్నందున వారికి మీటింగులు అక్కరలేకపోయినవి.

బ్రూక్స్ తన యనుభవమునుండి మరియొక సూత్రము చెప్పెను. ఆలస్యమైన సాఫ్ట్‌వేరు పనికి మరికొందరిని చేర్చినచో అది యింకను ఆలస్యమగునట. క్రొత్తవానికి పని నేర్పుటకు తెలిసినవాడు తన పని మానుకొనవలయును. పంచిన పనిని మరల పంచవలయును. మాటకు త్రోవలు పెరుగును. “మంది యెక్కువైతే మజ్జిగ పలుచన” యని మన పెద్దలు విస్తళ్లయెదుట కనిపెట్టినదే యిది. ఎన్నడును మనుష్యులను చేర్చరాదని దీని యర్థము కాదు. చేర్చదలచినచో మొదటనే చేర్చవలయును, నేర్పుటకు పట్టు కాలమును లెక్కలో వేసికొనవలయును.

ఒకరు చేసిన మార్పు తక్కినవారికి తెలియుటకై వారు చేసిన ఏర్పాటు కూడ ముచ్చటైనది. నిర్ణయములన్నిటిని ఒక పెద్ద పుస్తకముగా కూర్చి పలువురికి ప్రతులిచ్చిరి. ఆరు నెలలకే ఒక్కొక్క ప్రతి సుమారు అయిదడుగుల మంద మైనది. దినమునకు 150 పుటల చొప్పున మారుచుండెను. ప్రతివాడును పాతపుట తీసి క్రొత్తపుట చేర్చుకొనవలయును. ఆ బాధ పడలేక పుటలను సూక్ష్మముగా ముద్రించిన ఫిల్ముపలకలకు మారిరి. కాగితము, స్థలము మిగిలినవి. అందొక చిక్కును బ్రూక్స్ గుర్తించెను. చేతితో పుట మార్చునపుడు మారిన దేమో మనిషి చదివెడివాడు; పలక మారినచో చదువకయే యుండవచ్చును. కావున ఏమి మారినదో తెలుపు కాగితమొకటి పలకలతో పంపవలె ననెను. వార్త పంపినంతమాత్రమున వార్త చేరినట్లు కాదని మనము గ్రహింపవలయును.

వ్యాకరణము చెప్పినవాడను గనుక ఇచ్చట నా భాషలో నొకమాట చెప్పెదను. పూర్వపదము నిర్దుష్టము, పరపదమును నిర్దుష్టము. అయినను సంధి తప్పినచో ప్రయోగము దుష్టమగును. పెద్ద పనులలో దోషము తరచుగా పదములందు కాక సంధులందే దొరకును. మెల్విన్ కాన్వే అను నతడు 1968లో ప్రకటించిన వ్యాసమున దీనికి చేరువైన విషయమునే చెప్పెను. ఒక సంస్థ నిర్మించునది ఆ సంస్థలోని మనుష్యుల మాటపొత్తును పోలియుండునట. మాటలు లేని యన్నదమ్ములు ఒక యిల్లు కట్టుకొన్నచో ఇద్దరి గదుల నడుమ తలుపు ఉండదు గదా!

సంధి తప్పుటకు గొప్ప యుదాహరణము ఆకాశమున జరిగినది. అమెరికా ప్రభుత్వపు అంతరిక్షసంస్థ యగు నాసా 1998 డిసెంబరు 11న అంగారకగ్రహమునకు మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌకను పంపెను. అది 286 దినములు ప్రయాణము చేసి, 1999 సెప్టెంబరు 23న గ్రహమును సమీపించి, అదృశ్యమైనది. విచారణసంఘము కారణము కనుగొనెను. నౌకను నిర్మించిన లాక్‌హీడ్ మార్టిన్ సంస్థవారి ప్రోగ్రా మొకటి నౌకలోని చిన్న యంత్రముల త్రోపును పౌనుల లెక్కలో ఇచ్చుచుండెను. దారి గణించు జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీవారు దానిని న్యూటన్ల లెక్కగా గ్రహించిరి. ఒకటికి రెండవది సుమారు 4.45 రెట్లు భేదము. గ్రహమునకు 226 కిలోమీటర్ల యెత్తున పోవునని యనుకొన్న నౌక వాస్తవమున సుమారు 57 కిలోమీటర్ల యెత్తునకు దిగిపోయినది.

తెలంగాణమున గుంటలు, ఆంధ్రమున సెంట్లు. ఎకరమునకు 40 గుంటలు, 100 సెంట్లు. చీటిమీద 30 అని మాత్రము వ్రాసి పంపినచో ముప్పాతిక యెకరమా, అంతకంటె తక్కువయా? పంపినవానికి సందేహము లేదు, అందుకొన్నవానికిని సందేహము లేదు. అందువలననే ప్రమాదము.

ఇందు రెండు సంగతులు మరువరానివి. న్యూటన్ల లెక్కలోనే ఇయ్యవలెనను ఒడంబడిక కాగితముమీద ఉన్నది. ఇరువైపుల పనియు కలిపి తుదిదాక పరీక్షించుట మాత్రము చాలినంతగా జరుగలేదు. రెండవది మరింత దుఃఖకరము. లెక్క సరిపోవుట లేదని దారి గణించువారికి ముందే అనుమానము తోచెను. ఆ యనుమానము విధిప్రకారము పైకి చేరలేదు, పట్టించుకొనవలసినవారు పట్టించుకొనలేదు. ఒడంబడిక ఉండియు, అనుమానము పుట్టియు నౌక పోయినది.

ఇంతవరకు చెడినదానిని చెప్పితిని. చక్కగా సాగినదానిని గూడ చెప్పుట న్యాయము. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకి నగరమందు లైనస్ టోర్వాల్డ్స్ అను 21 ఏండ్ల విద్యార్థి లినక్స్ అను మూలప్రోగ్రామును ఆరంభించి అందరికి తెరచి యిచ్చెను. మీ చేతిలోనిది ఆండ్రాయిడ్ ఫోనైనచో దాని యడుగున నున్నది ఆ లినక్స్ వంశమే. 2017లో ప్రకటించిన లెక్కప్రకారము, 2005 మొదలు 15,000 మందికి పైగా, 1,400 సంస్థలకు పైగా దానికి చేయివేసిరి. పలుదేశములవారు, పోటీవర్తకులు కూడ అందు కలరు. ఒకరి ముఖ మొకరు చూడనివారే యెక్కువ. అయినను పని నడుచుచున్నది. ఎట్లు?

గ్రంథమును భాగములుగా విభజించి, ప్రతిభాగమునకును పాలకుల పేర్లు జాబితాలో బహిరంగముగా వ్రాసియుంచిరి. నీరుగంటి యందురో, నీరటి యందురో, చెరువుతూముకడ నొక్కడే యుండి వంతు చూచునట్లు ఆ భాగమునకు వచ్చు మార్పులన్నియు ఆ పాలకుని చేతిమీదుగా పోవలయును. మార్పు చేయగోరువాడు ఏమి మార్చెను, ఏల మార్చెను అనునది ఇమెయిల్ ద్వారా పంపును. పలువురు చూచి తప్పు లెంతురు. నిలిచినది పాలకుని దాటి, పైపాలకుని దాటి, తుదకు టోర్వాల్డ్స్‌కడకు చేరును. 2004 మొదలు వ్రాసినవాడును, చేతులు మార్చినవాడును తమ సంతకము చేర్చుచున్నారు.

కాలమునకు గూడ నియమము కలదు. తొమ్మిది పది వారముల కొకసారి క్రొత్తకూర్పు వెలువడును. మొదటి రెండు వారములే క్రొత్తవాని నందుకొందురు. తక్కిన కాలము దిద్దుబాటుకే. ఈసారి అందనిది మరుసటి కూర్పునకు నిలుచును. ఎవరికొరకును బండి ఆగదు, మరల బండి లేకపోదు. కావున తొందరయు తగవును తక్కువ. అన్నిటికి మించిన ధర్మ మొకటి: నిన్నటివరకు దీనిని నమ్మి నడిచిన ఇతరుల ప్రోగ్రాములు నేటి మార్పువలన చెడరాదు. ఎగువరైతు తన గట్టు సవరించుకొనవచ్చును గాని దిగువవాని కాలువకు అడ్డు వేయరాదు గదా! 2005లో టోర్వాల్డ్స్ ఈ పనికై గిట్ అను సాధనమును నిర్మించెను. ఏ పంక్తిని ఎవరు, ఎప్పుడు, ఏల మార్చిరో యిది చెప్పును. నేడు లోకమందలి సాఫ్ట్‌వేరు పనివారిలో అత్యధికులు దానినే వాడుచున్నారు.

ఇప్పుడు మన పిల్లలకడకు వత్తము. వారిని సాధారణముగా పదిమందికి మించని చిన్నబృందములుగా నుంచుదురు. కారణము మీకు తెలిసినదే: పదిమందికి త్రోవలు 45 మాత్రమే. పెక్కుచోట్ల ప్రతిదినమును కొద్ది నిమిషములు కూడి, నిన్న చేసినదేమి, నేడు చేయునదేమి, అడ్డు వచ్చినదేమి యని చెప్పుకొందురు. పొరుగు బృందముతో వ్రాతపూర్వకమైన ఒడంబడిక చేసికొందురు. మార్పు జరిగిన ప్రతిసారియు యంత్రముచేతనే పరీక్ష చేయింతురు. మన రాత్రి తొమ్మిదిగంటలకు కాలిఫోర్నియాలో ఉదయము ఏడున్నరయో ఎనిమిదిన్నరయో యగును. మీ యబ్బాయి భోజనము చేయు వేళ ఆవలివాడు పనికి కూర్చుండును. రాత్రి మాటలు ఆ రెండు పగళ్ల సంధికాలమున జరుగుచున్నవి. అందు ఒక్కమాట జారినచో మరునాటి పని అంతయు పెడదారి పట్టవచ్చును.

మీటింగులన్నియు మంచివని నేననను. పనిని సరిగా పంచనిచోట మాటలు మితిమీరును. దినమంతయు మాటలతోనే గడచుచున్నదని పిల్లవాడు మొరపెట్టుకొన్నచో, దోషము వాని సోమరితనమందు కాక పని పంచిన విధమందుండవచ్చును. దానివలన వానికి నిద్రయు, ఆరోగ్యమును తరుగుచున్నవి. ఆ మొర వినుటకు ఇంటనైన ఒకరుండవలయును.

కావున పెద్దలారా, ఈసారి పిల్లవాడు పండుగకు వచ్చినపుడు “ఏమి పని చేయుచున్నావు?” అని యడిగి ఊరుకొనవలదు. “నీ పొలిమేర ఎంతవరకు? ఆవలిగట్టువాడెవడు? మీ యిద్దరికి నడుమ వ్రాతయేది? లెక్క తప్పినట్లు తోచినచో నీవు ఎవరికి చెప్పుదువు, వారు విందురా?” అని యడుగుడు. ఈ నాలుగు ప్రశ్నలను వాడు తన వృత్తిలో నెరిగినవారి ప్రశ్నలుగా గుర్తించును. ఊరిచెరువు పూడిక తీయించునపుడును, పదియిండ్లవారు కూడి యొక పెండ్లి జరిపించునపుడును ఇవియే మనకును పనికివచ్చును.